వర్చువల్ కార్డు వాడి చూసా: ఫారిన్ సైట్లకి సూపర్, మిగతా వాటికి అంత సీన్ లేదు

నేను గుంటూరు బ్రాడీపేటలో పెళ్ళి ఆల్బమ్స్ డిజైన్ చేస్తుంటా, ఇక్కడి స్టూడియోలకీ, విజయవాడ గవర్నర్‌పేట వైపు ఒకరిద్దరికీ. ఈ పనిలో ఫాంట్లు, టెంప్లేట్లు, ఫోటోషాప్ ప్లగిన్లు కొనక తప్పదు, వాటిల్లో మంచివన్నీ ఫారిన్ సైట్లలోనే ఉంటాయి, ఆ సైట్ల వాళ్ళకి ఫోన్‌పే గీన్‌పే ఏం తెలియవు, కార్డు నంబరు కొట్టాల్సిందే. అందుకని మా బ్యాంకు యాప్‌లో వర్చువల్ కార్డు ఆప్షన్ కనపడ్డప్పట్నుంచీ అదే వాడుతున్నా. బ్యాంకు పేరు రాయట్లేదు, కింద కొంచెం తిట్టేది కూడా ఉంది మరి.

అసలిదేందో తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. ప్లాస్టిక్ లేని కార్డు ఇది. యాప్‌లో మన అకౌంట్ మీదో క్రెడిట్ కార్డు మీదో ఇంకో 16 అంకెల నంబరు తయారుచేసి ఇస్తారు, ఎక్స్‌పైరీ వేరే, సీవీవీ వేరే, లిమిట్ ఎంతో మనమే పెట్టుకోవాలి. సైటు వాడికి మన అసలు నంబరు వెళ్ళదు. పిల్లాణ్ణి కొట్టుకి పంపేటప్పుడు పర్సు మొత్తం ఇవ్వకుండా లెక్కకి సరిపడా చేతిలో పెట్టి పంపుతాం చూడండి, అదే పని ఇది. కొత్త సరుకేం కాదు కూడా, ఎస్‌బీఐ నెట్ బ్యాంకింగ్‌లో ఏళ్ళ క్రితమే వచ్చింది, అందులో 100 నుంచి 50,000 దాకా లిమిట్, 48 గంటల్లోపు ఒక్క కొనుగోలుకి వాడాలి, ఆ తర్వాత ఆ నంబరు చెల్లదు, డబ్బులేమో వాడేదాకా మన అకౌంట్లోనే హోల్డ్‌లో ఉంటయ్. కొన్ని బ్యాంకులు ఒక్కసారికే ఇస్తాయి, కొన్ని నెలల తరబడి పనిచేసేవి ఇస్తాయి. మాది రెండో రకం, కావాలనుకున్నప్పుడు యాప్‌లోనే ఆపేయొచ్చు.

ఇంకోటి, రూపే క్రెడిట్ కార్డుల్లో కూడా వర్చువల్ అనే పేరుతో వస్తున్నాయి, యూపీఐకి లింక్ చేసి షాపుల్లో స్కాన్ చేసుకోడానికి. 2022లో ఆర్‌బీఐ ఒప్పుకున్నాక వచ్చినవి అవి. మా బావమరిది అది పెట్టుకుని "నా దగ్గర కూడా వర్చువలే ఉంది బావా, నాకేం భయం లేదు" అంటాడు. దాని పని వేరు, దీని పని వేరురా అంటే వినడు.

సరే, పని ఎట్టా చేస్తదో చెప్తా. యాప్‌లో కార్డ్స్‌లోకి వెళ్ళి లిమిట్ కొడితే ఓటీపీ వస్తది, అది ఇస్తే నంబరు వచ్చేస్తది, టీ తాగేలోపు అయిపోయే పనే. కానీ ఆ నంబరు కాపీ చేసుకోనివ్వరు, స్క్రీన్‌షాట్ తీద్దామంటే నల్లగా వస్తది, సెక్యూరిటీ అంట. దాంతో ఏం చేస్తాం, కంప్యూటర్ పక్కన ఉన్న ప్రూఫ్ కాగితం వెనక 16 అంకెలూ రాసుకుని, చూసి కొట్టి, ఆ కాగితం చించి పడెయ్యటం. ఇంత సెక్యూరిటీ పెట్టి చివరికి మన చేత పెన్నుతో రాయిస్తున్నారు, ఇదేం తెలివో!

దీని అసలు ఉపయోగం ఎక్కడుందంటే, మన దేశం సైట్లలో 2009 నుంచే కార్డుకి రెండో వెరిఫికేషన్ ఉంది, ఓటీపీ లాంటిది లేకుండా దాదాపు ఏదీ దాటదు. చాలా ఫారిన్ సైట్లకి ఆ గొడవే లేదు, నంబరు, ఎక్స్‌పైరీ, సీవీవీ ఉంటే చాలు డబ్బులు లాగేస్తారు, మనకి మెసేజ్ వచ్చేది లాగిన తర్వాతే. అంటే ఆ సైటు డేటా ఎప్పుడైనా లీకైతే మన అసలు కార్డు నంబరు ఎవడి చేతిలో ఉంటదో తెలియదు. అక్కడ వర్చువల్ కార్డు ఉంటే 1,500 లిమిట్ పెట్టి 1,400 వాడేసాక ఇంక దాంట్లో వాడికి దొరికేది వంద రూపాయలు, కార్డు ఆపేస్తే అదీ లేదు. నాకైతే ఈ ఒక్కదానికే డబ్బులు వసూల్, అంటే డబ్బులేం తీసుకోలేదనుకోండి.

ఫ్రీ ట్రయల్స్‌కి కూడా బాగుంటది. ఏడు రోజులు ఉచితం అంటారు, కార్డు మాత్రం ముందే అడుగుతారు, క్యాన్సిల్ బటన్ ఎక్కడ దాచిపెట్టారో వెతకటానికి ఆ ఏడు రోజులూ సరిపోవు. 2021 అక్టోబర్ నుంచి నెల నెలా ఆటోమేటిక్‌గా కట్ అయ్యే వాటికి మ్యాండేట్, అంటే మనం ముందే ఇచ్చే పర్మిషన్ ఉండాలి, కట్ చేసే 24 గంటల ముందు బ్యాంకు మనకి చెప్పాలి, 15,000 (2022 దాకా 5,000 ఉండేది) దాటితే చాలావాటికి ప్రతిసారీ ఓటీపీ అడగాలి అని రూలు ఉంది. కానీ బయటి సైటు దాన్ని మామూలు కొనుగోలు లెక్కలో పంపిస్తే ఈ రూలు దాకా వ్యవహారం రాదు. అప్పుడు ఆపగలిగేది లిమిట్ ఒక్కటే. కాకపోతే ఒక మాట, కార్డు ఆపేస్తే సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ అయినట్టు కాదు, వాళ్ళ లెక్కలో మనం ఇంకా కస్టమరే, బాకీ ఉన్నావని మెయిళ్ళు పంపుతూనే ఉంటారు. సైట్లోకి వెళ్ళి క్యాన్సిల్ కూడా చెయ్యాలి.

లిమిట్ దగ్గర ఒక కిటుకు. సైట్లో రేటు రూపాయల్లోకి మార్చి సరిగ్గా అంతే పెట్టారంటే పేమెంట్ ఫెయిల్ అవుతది, ఎందుకంటే ఫారెక్స్ మార్కప్ అని, ఫారిన్ డబ్బులోకి మార్చినందుకు బ్యాంకు వేసే ఛార్జీ, చాలా కార్డులకి 3.5 శాతం దాకా ఉంటది, దాని మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. 2,000 రూపాయల ప్లగిన్‌కి 82 రూపాయల పైన అదనం అన్నమాట. డాలర్ రేటు కూడా కొంచెం అటూ ఇటూ అవుద్ది కాబట్టి పది శాతం ఎక్కువ పెట్టుకోవటం మేలు. ఇంకా చిత్రం ఏందంటే కొన్ని సైట్లు కార్డు పనిచేస్తదో లేదో చూడటానికి ముందు ఒక డాలర్ పట్టి వదిలేస్తాయి. ఒక్కసారికే పనికొచ్చే కార్డు అయితే ఆ డాలర్ చెకింగ్‌కే దాని ఆయుష్షు అయిపోయే ఛాన్స్ ఉంది, అసలు పేమెంట్‌కి మళ్ళీ కొత్తది చేసుకోవాలి. అట్టాగే చేసే ముందు ఇంటర్నేషనల్ వాడకం ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, కొన్ని వర్చువల్ కార్డులు ఇండియా సైట్లకే ఇస్తారు.

ఇప్పుడు తిట్టే పార్ట్. రీఫండ్. ఒక టెంప్లేట్ ప్యాక్ ఫైలు పాడై వస్తే సైటు వాళ్ళు గొడవ లేకుండా డబ్బులు వెనక్కిచ్చారు, ఇచ్చినట్టు మెయిల్ కూడా వచ్చింది, కానీ అప్పటికి ఆ వర్చువల్ కార్డు గడువు అయిపోయింది. అకౌంట్లో డబ్బులు పడలా. కస్టమర్ కేర్‌కి చేస్తే ఒకటి నొక్కండి రెండు నొక్కండి, చివరికి మనిషి దొరికితే బ్రాంచికి వెళ్ళమన్నారు. బ్రాంచిలో అమ్మాయి పాపం మర్యాదగానే ఉంది.

"సార్, ఈ కార్డు క్లోజ్ అయిపోయిందండీ."

"క్లోజ్ అయిందమ్మా, మరి దానికొచ్చిన డబ్బులు ఎక్కడున్నాయి?"

"సిస్టమ్‌లో చూపించట్లేదు సార్."

పక్క కౌంటర్ పెద్దాయన మా మాటలు విని లేచొచ్చి "ఏఆర్ఎన్ నంబరు తెచ్చుకోండి బాబూ, 23 అంకెలు ఉంటది, రీఫండ్ పంపినోళ్ళని అడిగితే ఇస్తారు" అని చెప్పాడు. అంటే ఆ డబ్బులు ఎటు పోయినయ్యో బ్యాంకులు వెతుక్కునే నంబరు అది. సైటు వాళ్ళకి మెయిల్ పెడితే మర్నాడే పంపారు, అది పట్టుకెళ్ళి ఇస్తే అప్పుడు ఎక్కడ ఇరుక్కుందో దొరికింది, డబ్బులు మెయిన్ అకౌంట్‌కి వచ్చినయ్. గడువు అయిపోయిన నంబరుకి వచ్చిన రీఫండ్‌ని వెనకున్న అకౌంట్‌కి కలిపెయ్యటం బ్యాంకు పని, కస్టమర్ తిరిగి తిరిగి చేయించుకునేది కాదు. ఆ పెద్దాయన రిటైర్ అయితే ఆ బ్రాంచి సంగతి ఏంటో.

అందుకే క్యాన్సిల్ అయ్యే అవకాశం ఉన్న వాటికి దీన్ని వాడొద్దు. రైలు టికెట్లు, బస్సు టికెట్లు, సైజు సరిపోకపోతే వెనక్కి పంపే బట్టలు, చెప్పులు. రీఫండ్ వెళ్ళేది కొన్న కార్డుకే కదా. గుంటూరు నుంచి విజయవాడకి ఎవరూ రిజర్వేషన్ చేయించరు గానీ తిరుపతికో హైదరాబాద్‌కో వెళ్ళేటప్పుడు చేయిస్తాం, ప్రోగ్రాం మారిపోతది, అప్పుడు తెలుస్తది. హోటల్ రూమ్‌లకి కూడా వద్దు, బుక్ చేసిన కార్డు చూపించమని కౌంటర్లో అడిగితే చూపించటానికి చేతిలో ఏముంటది?

ఇక మన దేశం పెద్ద సైట్ల సంగతి. 2022 అక్టోబర్ 1 నుంచి షాపింగ్ సైట్లు మన కార్డు నంబరు దాచుకోకూడదు, సేవ్ చేస్తే దాని బదులు టోకెన్ అని వేరే నంబరు ఉంటది, అది ఆ ఒక్క సైట్లోనే పనిచేస్తది. పైన ఓటీపీ ఎట్టాగూ ఉంది. అంటే వర్చువల్ కార్డు చేసే పని చాలావరకు అక్కడ ఆల్రెడీ అయిపోయినట్టే. ప్రతి కొనుగోలుకీ కొత్త నంబరు పుట్టించుకుని కూర్చోవటం నాకు దండగ అనిపిస్తది, ఎవరికైనా మనశ్శాంతి అంటే వాళ్ళిష్టం.

మా వదిన అడిగింది, ఇన్‌స్టాలో మంగళగిరి చీరలని పెట్టే పేజీలకి ఇది వాడొచ్చా అని. వదినా, వాళ్ళు కార్డు తీసుకుంటే కదా! నంబరు ఇచ్చి దీనికి యూపీఐ కొట్టండి, స్క్రీన్‌షాట్ పెట్టండి అంటారు. మంచోళ్ళు కూడా అట్టాగే అడుగుతారు, నిజమే, చిన్న వ్యాపారాలు. కానీ దొంగ పేజీ అయితే మన చేత్తో మనమే పంపినాక ఏ కార్డు ఏం చేస్తది. కార్డుతో కడితే కనీసం వస్తువు రాలేదని బ్యాంకులో డిస్ప్యూట్ వెయ్యొచ్చు, ఛార్జ్‌బ్యాక్ అంటారు, వర్చువల్ కార్డుకి కూడా అది ఉంటది. ఎవడో మనిషి నంబరుకి యూపీఐ చేస్తే ఆ దారి లేదు. మంగళగిరి మనకి ఎంత దూరం, వెళ్ళి చూసి తెచ్చుకోవచ్చుగా అన్నా, ఎండల్లో ఎవరెళ్తారు అంది. అట్టాగే వాట్సాప్‌లో చలానా అనో ఇంకోటనో ఏపీకే ఫైల్ (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తది చూడండి, అది ఇన్‌స్టాల్ చేసారంటే ఓటీపీలు కూడా వాడి దగ్గరికే పోతయ్, ఇక వర్చువల్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

మీ బ్యాంకులో ఈ ఆప్షన్ లేదా? పెద్ద బాధేం లేదు. 2020లో ఆర్‌బీఐ పెట్టిన రూలు ప్రకారం ప్రతి కార్డుకీ యాప్‌లో స్విచ్‌లు ఇవ్వాలి, ఆన్‌లైన్ వేరే, ఇంటర్నేషనల్ వేరే, లిమిట్లు కూడా మార్చుకోవచ్చు. ఇంటర్నేషనల్ ఆఫ్‌లో ఉంచి, కొనేటప్పుడు ఆన్ చేసి, అవ్వగానే ఆఫ్ చెయ్యటం. వర్చువల్ కార్డులో వచ్చే లాభం సగం పైన ఇక్కడే వచ్చేస్తది, రీఫండ్ గోల కూడా లేదు. నా మెయిన్ కార్డుకి ఇంటర్నేషనల్ ఎప్పుడూ ఆఫే.

ఒకవేళ మనం చేయనిది కట్ అయితే, మెసేజ్ చూడగానే కార్డు బ్లాక్ చేసి బ్యాంకుకి కంప్లయింట్ ఇచ్చి నంబరు తీసుకోండి. 2017 నాటి ఆర్‌బీఐ రూలు ఉంది, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయట ఎక్కడో లీకై పోతే, మెసేజ్ వచ్చిన మూడు వర్కింగ్ డేస్‌లో చెప్తే మన మీద భారం సున్నా. ఏడు దాటితే బ్యాంకు పాలసీ ఎట్టా ఉంటే అట్టా. 1930కి కూడా చెయ్యండి, సైబర్ క్రైమ్ వాళ్ళది.

ఛార్జీల విషయానికొస్తే మా బ్యాంకులో కార్డు చేసుకోటానికి రూపాయి తీసుకోలేదు, ఫారెక్స్ మార్కప్ మాత్రం మెయిన్ కార్డుకి ఎంతో దీనికీ అంతే. రేటింగ్ అంటే 5కి మూడున్నర. రీఫండ్ వాటంతట అవే మెయిన్ అకౌంట్లో పడేట్టు చేస్తే ఇంకొకటి కలుపుతా, నంబరు కాపీ బటన్ పెడితే మిగతా అర కూడా.