గంజాయి పెంపకానికి పాత గోదామా, గ్రీన్‌హౌసా? కాలిఫోర్నియా పర్మిట్ల లెక్కలో ఏది మేలు

కాలిఫోర్నియాలో గంజాయి పెంచడానికి లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే అయినా, మొదట ఒప్పుకోవాల్సింది ఊరు. 2016లో గంజాయిని చట్టబద్ధం చేసే ప్రొపొజిషన్ 64 ఓటింగులో నెగ్గింది కానీ, మా దగ్గర వద్దని చెప్పే హక్కు సిటీలకూ కౌంటీలకూ అలాగే ఉంది. చాలా చోట్ల వద్దనే అన్నారు. ఒప్పుకున్న చోట పైకప్పు కింద పెంచేవాళ్లకు ముఖ్యంగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, ఓక్లాండ్ లాంటి ఊళ్లో పారిశ్రామిక వాడలోని పాత గోదాం. రెండోది, సలీనాస్ వైపు ఒకప్పుడు పూలు పండించిన గ్రీన్‌హౌస్.

కాగితాల మీద తేడా దీపాల దగ్గర మొదలవుతుంది. చదరపు అడుగుకు 25 వాట్లు దాటితే ఇండోర్ లైసెన్సు. గ్రీన్‌హౌస్‌లో 6 వాట్ల లోపు మిక్స్‌డ్ లైట్ టైర్ 1, ఆపైన 25 దాకా టైర్ 2.

పర్యావరణ సమీక్షలో గోదాముదే పైచేయి. ఉన్న కట్టడంలోనే, వాడకం పెద్దగా పెరగకుండా పెంచితే రాష్ట్ర పర్యావరణ సమీక్ష చట్టమైన సీక్వా కింద క్లాస్ 1 మినహాయింపు దొరికే వీలుంది. అది దొరికితే ప్లానింగ్ వాళ్ల చేత నోటీస్ ఆఫ్ ఎగ్జంప్షన్ (మినహాయింపు ఇచ్చామన్న ప్రకటన) తప్పకుండా ఫైల్ చేయించాలి. ఫైలైతే ఆ మినహాయింపు మీద ఎవరైనా కోర్టుకెక్కే గడువు 35 రోజులు, ఫైల్ కాకపోతే 180 రోజులు. ఒక్క కాగితం బద్ధకానికి ఐదు నెలలు బిక్కుబిక్కుమంటూ కూర్చోవాలా? గ్రీన్‌హౌస్‌కీ మినహాయింపు రావచ్చు. కాకపోతే పొలాల్లో బావి, సెప్టిక్, వాగు లాంటివన్నీ సమీక్షలోకి వస్తాయి. సలీనాస్ ఉన్న మాంటెరే కౌంటీ అయితే 2016 జనవరి 1 నాటికే ఉన్న గ్రీన్‌హౌస్‌లకే పర్మిట్ అని నియమం పెట్టింది. అక్కడ కొనేముందు పాత బిల్డింగ్ పర్మిట్ చేతికి తీసుకుని చూడాలి.

గోదాం దెబ్బతినేది కరెంటు దగ్గర. 10,000 చదరపు అడుగుల కానపీకి (మొక్కలు పరుచుకున్న స్థలానికి) అడుగుకు 40 వాట్ల ఎల్‌ఈడీ చొప్పున దీపాలకే 400 కిలోవాట్లు. మొక్కకు పోసిన నీళ్లలో చాలా భాగం ఆకుల నుంచి ఆవిరై గదిలోకే వస్తుంది. దాన్ని లాగేసే డీహ్యూమిడిఫైయర్లు, ఏసీలు కలిస్తే లోడు 600 దాటుతుంది. పాత గోదాంలో తరచూ కనిపించేది 208 వోల్టుల 400 ఆంప్స్ త్రీ ఫేజ్ ప్యానెల్, అది నిరంతరంగా మోయగలిగేది 115 కిలోవాట్లే. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏడాది పట్టడం మామూలే, ఆ ఏడాదీ అద్దె కట్టాల్సిందే. అందుకే లీజుకు ముందే విద్యుత్ సంస్థకు లోడ్ లెక్క పంపాలి. అదే టైర్ 2 గ్రీన్‌హౌస్‌లో అంతే స్థలానికి దీపాలు 250 కిలోవాట్లు దాటవు, పగలంతా ఎండ ఉచితం.

ప్లాన్ చెక్‌లో, అంటే బిల్డింగ్ శాఖ డ్రాయింగుల తనిఖీలో, గోదాం డ్రాయింగులు వెనక్కొచ్చే చోట్లు దాదాపు ప్రతిసారీ అవే. స్టోరేజీ నుంచి పెంపకానికి మారితే ఆక్యుపెన్సీ (కట్టడం వాడకపు వర్గం) సాధారణంగా ఎస్-1 (స్టోరేజీ) నుంచి ఎఫ్-1 (ఫ్యాక్టరీ) అవుతుంది. 12,000 చదరపు అడుగులు దాటితే స్ప్రింక్లర్లు తప్పవు. గదులు విడగొట్టడానికి ప్లాస్టిక్ షీట్లు వేలాడదీస్తే స్ప్రింక్లర్ నీళ్లు అవతలికి చేరవు, ఫైర్ వాళ్లు అక్కడే ఆపేస్తారు. మొక్కలు ఏపుగా పెరగడానికి కార్బన్ డయాక్సైడ్ వదిలే గదిలో డిటెక్టర్ 5,000 పీపీఎం దగ్గరే గ్యాస్ కట్ చేసి ఎగ్జాస్ట్ తిప్పాలి. 20 టన్నుల చల్లదనం ఇచ్చే ఏసీ యూనిట్ ఒక్కొక్కటి దాదాపు టన్ను బరువు ఉంటుంది, పాత పైకప్పు మోస్తుందని స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క ఇవ్వాలి. 2023 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఎనర్జీ కోడ్‌లో లైటింగ్ లోడు 40 కిలోవాట్లు దాటితే లోపలి దీపాలకు జౌల్‌కు కనీసం 1.9 మైక్రోమోల్స్ (మొక్కకు పనికొచ్చే వెలుగు కొలత), గ్రీన్‌హౌస్‌కు 1.7 అడిగారు. పాత సోడియం దీపాలు చాలావరకు అక్కడే తప్పాయి.

వాసన దగ్గర కథ తిరగబడుతుంది. గోదాంలో గాలిని కార్బన్ ఫిల్టర్ల గుండా పంపి, గదిలో పీడనం బయటికంటే తక్కువ ఉంచితే చాలావరకు పని అయిపోతుంది. పరీక్ష కూడా తేలిక: తలుపు సందు దగ్గర టిష్యూ కాగితం పెడితే అది లోపలికి లాక్కోవాలి. గ్రీన్‌హౌస్‌లో వేడి పోవాలంటే కప్పు కిటికీలు తెరవాలి, తెరిస్తే వాసన ఊరిమీద పడుతుంది. కార్పింటీరియా అనే ఊళ్లో ఇళ్ల పక్కనే ఉన్న గ్రీన్‌హౌస్‌ల మీద ఏళ్ల తరబడి నడిచిన గొడవ ఇదే. రాత్రి దీపాల వెలుగు బయటపడకుండా తెరలు కూడా వేయాలి. కండిషనల్ యూజ్ పర్మిట్ (ఊరు షరతులతో ఇచ్చే అనుమతి) హియరింగుకు కనీసం 300 అడుగుల్లోని ఆస్తిదారులకు నోటీసు వెళ్తుంది. అక్కడికొచ్చి మైకు పట్టుకునేవాళ్లు కరెంటు గురించి అడగరు, వాసన గురించే అడుగుతారు.

480 వోల్టుల 1,200 ఆంప్స్ సర్వీసు, స్ప్రింక్లర్లు ముందే ఉన్న గోదాం దొరికితే కళ్లు మూసుకుని అదే మేలు. అవి లేని గోదాం అద్దె ఎంత చవకైనా దండగ. అప్పుడు ఇళ్లకు దూరంగా, పాత పర్మిట్లు సరిగ్గా ఉన్న గ్రీన్‌హౌస్ నయం. బళ్లకు, డేకేర్లకు రాష్ట్రం పెట్టిన 600 అడుగుల దూరం రెండింటికీ వర్తిస్తుంది, ఊరు వేరే దూరం పెట్టుకోకపోతే.

అమెరికాలో పెట్టుబడి పెట్టే మనవాళ్లకు ఇంకో మాట. ఫెడరల్ చట్టం దృష్టిలో ఇది ఇంకా నియంత్రిత పదార్థమే. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, ఈ వ్యాపారంలో పనిచేయడం పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు కావచ్చని ఇమ్మిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లోనే చెప్పింది. రాష్ట్ర దరఖాస్తులో 20 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వాటా ఉన్నవాళ్లు ఓనర్లుగా నమోదవుతారు, స్థలం యజమాని సమ్మతి పత్రం కూడా జతచేయాలి. హెచ్1బీ, గ్రీన్‌కార్డుల మీద ఉన్నవాళ్లు వాటా తీసుకోవడానికైనా, తమ గోదాం అద్దెకివ్వడానికైనా ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవాలి.