కర్నూల్లో కాలేజీ సీట్ల కౌన్సెలింగ్ ఆఫీసు: 18 వేల ప్యాకేజీకి నా రేటింగ్ 5కి 2

ముందే చెప్తా, ఆ ఆఫీసు పేరు రాయను, ఎందుకంటే అక్కడ కౌంటర్‌లో కూర్చునే పాప ఒకామె మంచిది, నా రివ్యూ వల్ల ఆమె ఉద్యోగానికి ఎసరు రాకూడదు. ఇంటర్ అయిన పిల్లలకి సీట్లు ఇప్పిస్తామని బోర్డులు పెట్టుకున్న ఆఫీసులు కర్నూల్లో సందుకొకటి ఉన్నాయి, అందులో ఇదొకటి అనుకోండి. జోసా (ఐఐటీ, నిట్ లాంటి సెంట్రల్ కాలేజీల సీట్ల కౌన్సెలింగ్), ఈఏపీసెట్ (మన రాష్ట్రం ఇంజినీరింగ్ ఎంట్రన్స్) రెండూ కలిపి 18 వేలు, 12 వేలు ముందు, 6 వేలు సీటొచ్చినాక. మాది ఎమ్మిగనూరు, నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది, మా పాప బనవాసి నవోదయలో ఆరు నుంచి పన్నెండు దాకా చదివి 2025లో బయటికొచ్చింది.

నవోదయ గురించి తెలియనోళ్ళకి ఒక ముక్క. అది సెంట్రల్ గవర్నమెంట్ నడిపే హాస్టల్ స్కూలు, ఐదులో ఉండంగానే పరీక్ష రాయాల, స్కూలుకి 80 సీట్లు, అందులో 75 శాతం పల్లె పిల్లలకి, మూడో వంతు ఆడపిల్లలకి. ఆ పరీక్ష దాటింది కదా, ఇంక ఐఐటీ జేబులో ఉన్నట్టే అని మా బంధువులు పాప ఆరో తరగతిలో ఉన్నప్పుడే తీర్మానం చేసేసినారు. అక్కడ జరిగేది వేరే. పొద్దున పీటీ, సాయంత్రం ఆటలు, హౌస్ డ్యూటీలు, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం మాత్రం అట్ట నుంచి అట్ట దాకా చదివిస్తారు, సీబీఎస్ఈ అనే సెంట్రల్ బోర్డులో మార్కులు బాగానే పడతాయి, కానీ కార్పొరేట్ కాలేజీ పిల్లోళ్ళు పొద్దున ఆరుకి కూర్చుని రాత్రి పది దాకా జేఈఈ (ఐఐటీ, నిట్‌ల ఎంట్రన్స్) టెస్టులే రాస్తాంటే వాళ్ళతో పోటీ అంటే ఊరికే కాదు. పదైనాక దక్షణ ఫౌండేషన్ వాళ్ళు టెస్టు పెట్టి ఎంచుకున్న నవోదయ పిల్లలకి ఫ్రీగా కోచింగ్ ఇప్పిస్తారు, మా పాప అదీ రాసింది, రాలేదు. సరే, రాబోయే ర్యాంకుకి ఏ సీటు వస్తుందో తెలిసినోళ్ళని అడుగుదామని ఈ ఆఫీసుకి పోయినాం. (వచ్చిన ర్యాంకు చెప్పను, దిష్టి.)

ఏసీ రూము, నీళ్ళ బాటిల్, గోడ నిండా ర్యాంకర్ల ఫోటోలు. కౌన్సెలర్ సారు పాప స్కూలు పేరు చూసి "నవోదయనా అన్నా, ఇంకేం, గవర్నమెంట్ స్కూల్ కోటా ఉంటాది" అన్నాడు. నేను సంతోషంగా అక్కడే ఫోన్‌పే కొట్టినా. ఇంటికొచ్చి పాప సీనియర్‌కి మెసేజ్ పెడితే తెలిసింది, ఆ కోటా తమిళనాడులో, 7.5 శాతం, వాళ్ళ రాష్ట్రం గవర్నమెంట్ స్కూల్ పిల్లలకి. మన దగ్గర అట్లాంటిది లేదు, ఐఐటీ నిట్‌లలో అయితే నవోదయ అని ఒక్క సీటు కూడా పక్కన పెట్టరు. నేను ఫోన్ చేసి అడిగితే "అదే అన్నా, ఉండొచ్చు అన్నా" అన్నాడు. అప్పుడే వదిలేయాల్సింది, డబ్బు కట్టినాం కదా అని ఉండిపోయినా.

వారం అయినాక కాలేజీల లిస్టు ప్రింటౌట్ ఇచ్చినారు, 11 పేజీలు, స్పైరల్ బైండింగ్, పచ్చ రంగు అంటే ఖాయం, పసుపు అంటే ట్రై చేయొచ్చు, ఎరుపు అంటే కష్టం. చూడ్డానికి మాత్రం కల్యాణ పత్రిక మాదిరి ఉంది. మొదటి పేజీలోనే మన కర్నూలు ట్రిపుల్ ఐటీ, జగన్నాథగట్టు మీద ఉండేది, పచ్చ రంగులో, పక్కన "లోకల్ 85 శాతం" అని. నాకు కళ్ళు మెరిసినాయి, ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కితే అయిపాయె కదా. పాప చూసి నవ్వింది. "నాన్నా, అది సెంట్రల్ వాళ్ళది, జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఇస్తారు, అస్సాం పిల్లోడైనా కర్నూలు పిల్లోడైనా ఒకటే లైన్, లోకల్ ఉండదు" అంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వేరే, అది పదో తరగతి మార్కులతో ఇచ్చేది, అక్కడ లోకల్ లెక్క ఉంటుంది, పేరు ఒకటే కాబట్టి సారు రెండూ కలిపి వండేసినట్టున్నాడు. పోనీ ఉండాల్సినవి ఉన్నాయా అంటే అవీ లేవు. తాడేపల్లిగూడెం నిట్‌లో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే, దాని మీద ఆడపిల్లలకి అదనపు సీట్లు, ఈ రెండు ముక్కలు 11 పేజీల్లో ఎక్కడా కనపళ్ళేదు. ఏడో పేజీ పైన ఇంకెవరో పిల్లోడి పేరు, హాల్‌టికెట్ నంబరు ఉన్నాయి. ఆ పిల్లోడి ఇంట్లో మా పాప పేజీ ఉందేమో మరి.

ఇప్పుడు అసలు కథ. ఈఏపీసెట్‌లో ర్యాంకు అంటే పరీక్ష ఒక్కటే కాదు, 75 శాతం పరీక్ష, 25 శాతం ఇంటర్ మార్కులు. స్టేట్ బోర్డు పిల్లల మార్కులు వాటంతట అవే ఎక్కుతాయి, సీబీఎస్ఈ పిల్లలు మాత్రం డిక్లరేషన్ ఫారం నింపి మార్కుల మెమో మనమే అప్‌లోడ్ చేయాల. ఈ సంగతి నాకేం తెలుసు, నేను వైండింగ్ చేసేవాణ్ణి, దానికే కదా 12 వేలు ఇచ్చింది. మే నెలలో సీబీఎస్ఈ రిజల్ట్ రాంగానే మెమో వాట్సాప్‌లో పంపినా, "ఓకే అన్నా" అని బొటనవేలు బొమ్మ వచ్చింది. జూన్‌లో ఈఏపీసెట్ రిజల్ట్ రోజు పొద్దున షాపు కూడా తెరవకుండా ఫోన్ ముందర కూర్చున్నాం, పాప పేరు వచ్చింది, మార్కులు వచ్చినాయి, ర్యాంకు దగ్గర ఏమీ లేదు. మా ఆవిడ "ఫెయిలా?" అని అడిగిన గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. సారుకి ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తినాక "సర్వర్ ప్రాబ్లం అన్నా, సాయంత్రానికి వస్తాది" అన్నాడు. సాయంత్రం కాదు కదా మరుసటి రోజు కూడా రాలేదు. చివరికి పాపే నోటిఫికేషన్ చదివి, వాళ్ళ కెమిస్ట్రీ మేడమ్‌ని అడిగి, నెట్ సెంటర్లో కూర్చుని డిక్లరేషన్ పంపింది, తర్వాత ర్యాంకు వచ్చింది. ఆ రోజులు మా ఇంట్లో ఎవ్వరూ సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత ఆఫీసుకి పోయి అడిగితే, "మాకు వచ్చేదంతా స్టేట్ బోర్డు పిల్లలే అన్నా, సీబీఎస్ఈ అరుదు" అంట. ఈ మాట డబ్బు కట్టించుకునే ముందు చెప్పుంటే?

ఇంక కౌంటర్ పాప గురించి. ఆమె లేకపోతే 2 కాదు, అర కూడా ఇచ్చేవాణ్ణి కాదు. జోసా రిజిస్ట్రేషన్‌కి పేపర్లు ఇస్తాంటే నా చేతిలో బీసీ సర్టిఫికెట్ చూసి "అన్నా, ఇది పనికిరాదు, సెంట్రల్ వాళ్ళకి ఓబీసీ ఎన్‌సీఎల్ (క్రీమీ లేయర్ కాదని చెప్పే సర్టిఫికెట్) కావాల, అదీ ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నది" అంది. సచివాలయంలో దేనికి అప్లై చేయాల, ఏ ఫార్మాట్ అని చెప్పాల, అన్నీ చీటీ మీద రాసిచ్చింది. తహసీల్దార్ సంతకం అయ్యేదాకా నేను నాలుగు సార్లు తిరిగినా, అది వేరే సంగతి. ఆ చీటీ లేకపోతే మా పాప జనరల్ లెక్కలో పడేది. జీతం ఎంతిస్తారో తెలియదు గానీ ఆ సీట్లో సారుని కూర్చోబెట్టి సారు సీట్లో ఆమెని కూర్చోబెట్టాల.

ఇంకొకటి, వీళ్ళు నోరెత్తనిది సీయూఈటీ, అంటే సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ సీట్ల ఎంట్రన్స్. 2025 మార్చిలో అప్లికేషన్లు తీసుకున్నారు, నేను ఆఫీసులో కూర్చున్నదీ మార్చిలోనే, ఒక్క మాట చెప్పలేదు. ఆ పరీక్ష పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ మీదే పెడతారు, అంటే నవోదయ పిల్లలు ఏడాదంతా చదివేదే. దాంతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీ యూనివర్సిటీ, ఇక్కడ అనంతపురంలో 2018లో పెట్టిన సెంట్రల్ యూనివర్సిటీ కూడా దొరుకుతాయి. మా పాప ఫ్రెండ్ ఒకామె దాంట్లోనే సీటు కొట్టింది. ఇంజినీరింగ్ తప్ప ఇంకో చదువు ఉందని ఈ ఆఫీసులకి తెలియదో, దాంట్లో కమీషన్ లేదో మరి. ఎందుకంటే చెన్నై, బెంగళూరు ప్రైవేట్ కాలేజీల బ్రోచర్లు మాత్రం అడగకుండానే ఇచ్చినారు, మేనేజ్‌మెంట్ కోటా తీసుకోండి అని రెండు సార్లు ఫోన్లు కూడా. మన రాష్ట్రంలో అయినా ఆ కోటా సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ సీటుకే వస్తుంది, ఆ మాట మాత్రం వాళ్ళ నోటెంట రాదు.

జోసాలో రౌండ్లన్నీ చూసినాం, ఎక్కడో ఈశాన్యంలో వచ్చింది, పాప వద్దంది, వదిలేసినాం. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పాప, వాళ్ళ సీనియర్ ఇద్దరూ పోయిన ఏడాది కటాఫ్‌లు ముందర పెట్టుకుని రాసుకున్నారు, ఆఫీసు లిస్టు పక్కన పెట్టేసినాం. జేఎన్‌టీయూ అనంతపురం క్యాంపస్‌లో ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) వచ్చింది. మోటార్లు బాగు చేసేవాడి కూతురు మోటార్ల చదువే చదువుతాంది, మా నాయన ఉంటే ఎంత నవ్వేవాడో.

బోర్డు ఏదైనా ఇట్లాంటి ఆఫీసుకి పోయేవాళ్ళు ఒక ప్రశ్న అడగండి, పోయిన ఏడాది సీబీఎస్ఈ పిల్లల్ని ఎంతమందిని చూసినారు, డిక్లరేషన్ ఎవరు పంపినారు అని. మొహం చూస్తే తెలిసిపోతాది. ఆ 6 వేల బ్యాలెన్స్ నేను ఇంకా కట్టలేదు, సారు ఫోన్ చేస్తానే ఉన్నాడు, "సర్వర్ ప్రాబ్లం సార్, సాయంత్రానికి వస్తాది" అని చెప్తాన్నా.