బరంపురం చుట్టుపక్కల డిమెన్షియా పెద్దలను ఉంచే చోట్లు: మా అంచనా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఇళ్లల్లో డిమెన్షియా (జ్ఞాపకం, తెలివి తగ్గిపోయే జబ్బు) వచ్చిన అమ్మనో నాన్ననో ఇక ఇంట్లో చూసుకోలేం అన్న రోజు వస్తే, దారులు మూడు. ఊళ్లోనే ఉన్న వృద్ధాశ్రమం, లేదా రైలెక్కి భువనేశ్వర్, లేదా ఇటు విశాఖ. ఎక్కడికి వెళ్లినా ముందు గదులు, తోట, ఏసీ చూపిస్తారు. అవన్నీ తర్వాత చూడొచ్చు. మొదట అడగాల్సింది ఒకటే: రాత్రి తొమ్మిది దాటాక మెలకువగా ఉండే మనిషికి తెలుగు వచ్చా?

దీనికి కారణం జబ్బులోనే ఉంది. నలభై ఏళ్లు ఒడియాలో కొట్టు నడిపిన పెద్దాయనకైనా జబ్బు ముదిరే కొద్దీ తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది, చిన్నప్పటి తెలుగు మిగులుతుంది. అందరిలోనూ ఒకేలా జరగదు గానీ చాలామందిలో ఇదే వరస. దాహం వేసినా, మూత్రం ఆగకపోయినా, మోకాలు సలిపినా ఆయన తెలుగులోనే గొణుగుతారు. ఆయాకు అర్థం కాకపోతే అరుస్తారు, చెయ్యి విసురుతారు. రిజిస్టర్లో ‘కొడుతున్నాడు’ అని పడుతుంది, మర్నాటి నుంచి మత్తుమాత్ర మొదలవుతుంది. మాత్ర వల్ల తూలి పడతారు, తుంటి విరుగుతుంది. నీళ్లడిగిన మనిషి ఆస్పత్రి మంచం మీదికి చేరడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

అందుకని మేనేజరుతో మాట్లాడి వచ్చేయొద్దు. రాత్రి డ్యూటీ ఆయాను పిలిపించి, ‘మామ్మ అన్నం వద్దని మొహం తిప్పుకుంటే ఏం చేస్తావమ్మా?’ అని తెలుగులోనే అడగండి. ‘కాసేపాగి మళ్లీ పెడతాను, పెరుగన్నం అయితే తింటుంది’ లాంటి జవాబు వస్తే ఆ చోటుకు సగం మార్కులు వేసేయొచ్చు.

ఈ లెక్కన బరంపురంలోని మామూలు వృద్ధాశ్రమాలకు ఒక మేలు ఉంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చిన పనివాళ్లు ఉంటే రెండు భాషలూ వస్తాయి. ఇంట్లోవాళ్లు రోజు విడిచి రోజు చెప్పకుండా వెళ్లి చూడొచ్చు. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఊళ్లోనే ఉంది. మరుపు మాత్రమే ఉండి, తనంతట తాను తిని, స్నానం చేసుకునే దశలో మేం దీనికే ఓటేస్తాం. కానీ గేటు దాటి వెళ్లిపోవడం, రాత్రిళ్లు లేచి తిరగడం మొదలైతే ఇవి సరిపోవు. రాత్రి మొత్తానికి ఒక్క వాచ్‌మన్‌తో నడిచే చోట అలాంటి మనిషిని ఉంచకూడదు. పగలు ఐదారుగురికి ఒకరు, రాత్రి పదిమందికి ఒకరు మెలకువగా ఉండాలి. అది మేం ఒప్పుకునే కనీసం.

విశాఖ భాషకు, తిండికి మంచిది. చారన్నం, గంజి, మెత్తటి పప్పు అడిగి పెట్టించుకోనక్కర్లేదు. కాకపోతే బరంపురం నుంచి రైల్లో నాలుగైదు గంటలు. తరచూ వెళ్లలేని ఇంటికి ఇది చిన్న లోటు కాదు, మనవాళ్లు ఎప్పుడైనా వచ్చేస్తారని తెలిసిన చోట శ్రద్ధ ఎక్కువగా ఉంటుంది. బరంపురం నుంచి భువనేశ్వర్ విశాఖ కన్నా దగ్గర, అక్కడ ఎయిమ్స్ ఆస్పత్రి కూడా ఉంది. తెలుగు వచ్చే ఆయా దొరికితేనే దాన్ని ఎంచుకోండి.

చూడ్డానికి వెళ్లే వేళ సాయంత్రం ఐదు నుంచి ఏడు. పొద్దుగూకే వేళకి డిమెన్షియా ఉన్నవాళ్లలో కంగారు పెరుగుతుంది, ‘ఇంటికెళ్తాను’ అని లేస్తారు. మంచి చోట చీకటి పడకముందే లైట్లు వేస్తారు, ఒకరు చెయ్యి పట్టుకుని వరండాలో తిప్పుతారు. మంచిది కాని చోట అందర్నీ వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి టీవీ పెద్దగా పెడతారు. కుర్చీకి చీరముక్కతో కట్టి ఉంటే ఇక మాట్లాడకుండా వచ్చేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది, ఊరికే కట్టేసి ఉంచడాన్నీ ఒప్పుకోదు. ఆ చట్టం కింద ఆ హోమ్ రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీలో నమోదు అయిందా అని కూడా అడగండి.

బాత్రూమ్ చూడండి. నేల పొడిగా ఉందా, కమోడ్‌కి రెండు వైపులా పట్టుకునే రాడ్లు ఉన్నాయా, గడియ బయటి నుంచి తీయడానికి వీలుందా. తెల్ల గోడ, తెల్ల టైలు, తెల్ల కమోడ్ అయితే చూపు తగ్గిన మనిషికి ఎక్కడ కూర్చోవాలో తెలీదు. రంగు సీటు వేస్తే చాలు. మెరిసే టైల్స్‌ను నీళ్లనుకుని అడుగు వేయకుండా ఆగిపోతారు.

మందుల షీటు చేతికి తీసుకుని చూడండి. నెల మొత్తం ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో టిక్కులు ఉంటే అది రోజూ రాసింది కాదు, ఒక్కసారి కూర్చుని నింపింది. డోనెపెజిల్, మెమాంటిన్ లాంటివి మరుపుకు ఇచ్చే మందులు. క్వెటియాపిన్, రిస్పెరిడోన్ వేరు, అవి కోపం, కంగారు అణచడానికి వేసే యాంటీసైకోటిక్ మందులు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ రకం మందులు మరణాల ప్రమాదం పెంచుతాయని అమెరికా ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. అసలు వాడకూడదని కాదు. ఎవరు రాశారు, మళ్లీ ఎప్పుడు తగ్గించి చూస్తారు, ‘అవసరమైతే’ అని రాసిన మాత్ర పోయిన నెల ఎన్నిసార్లు వేశారు, వీటికి కాగితం మీద జవాబు ఉండాలి. ఒక్కసారిగా మనిషి మారిపోతే మత్తు వేసే ముందు మూత్రం పరీక్ష చేయిస్తారా? ఇన్‌ఫెక్షన్ వచ్చిన పెద్దల్లో జ్వరం లేకుండానే అయోమయం పెరగొచ్చు.

బరువు నెలకోసారి రాయాలి. యాభై కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గితే డాక్టర్ని పిలవాల్సిందే. మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతారా, తిన్నాక అరగంట కూర్చోబెడతారా అన్నవీ అడగండి.

డబ్బు సంగతి: చెప్పిన నెల ఫీజులో డైపర్లు, మందులు, ఆస్పత్రిలో తోడుండే ఆయా కూలి సాధారణంగా ఉండవు. రోజుకు మూడు డైపర్లంటే నెలకు తొంభై. డెబ్భై ఏళ్లు దాటినవాళ్లకు వచ్చే ఐదు లక్షల ఆయుష్మాన్ కార్డు ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది, హోమ్ ఫీజుకు పనికిరాదు. పెన్షనర్లు నవంబర్లో లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నట్టు రుజువు) ఇవ్వాలి. వేలిముద్ర పడని వాళ్లకు మొబైల్లో మొహం చూపించి తీసే పద్ధతి ఉంది, హోమ్ వాళ్లు చేస్తారో లేదో ముందే తేల్చుకోండి. బ్యాంకు పవర్ ఆఫ్ అటార్నీ (తమ తరఫున వేరొకరు పనులు చూడటానికి ఇచ్చే అధికార పత్రం) తెలివి ఉన్నప్పుడు రాసిచ్చినా, ఆ తెలివి పోయాక మన చట్టంలో చెల్లదు, తర్వాత కోర్టు ద్వారా గార్డియన్ కావాల్సిందే. ఇక డిపాజిట్: మధ్యలో తీసుకెళ్లిపోయినా, మనిషి పోయినా ఎన్ని రోజుల్లో ఎంత తిరిగి ఇస్తారో అగ్రిమెంట్లో రాయించుకున్నాకే సంతకం పెట్టండి.