పెట్‌సీ బిల్డ్ ఆగిపోయిన ప్రతిసారీ నన్ను ఒడ్డుకి చేర్చింది దాని లాగ్ ఫైలే

పెట్‌సీ అంటే పెద్ద పెద్ద సమీకరణాల్ని చాలా ప్రాసెసర్ల మీద సాల్వ్ చేసే లైబ్రరీ. అందులో ఏ సాల్వర్లున్నాయి లాంటివి ఇక్కడ రాయట్లేదు, ఆర్గాన్ ల్యాబ్ వాళ్ళ మాన్యువల్‌లో అన్నీ ఉన్నాయి. భూగర్భజలాల మోడలింగ్ కోడ్ కోసం పీహెచ్‌డీ మొదలైనప్పట్నుంచీ దీన్ని వాడుతున్నా, ల్యాబ్ మెషీన్ మీదా క్లస్టర్ (చాలా కంప్యూటర్లు కలిపిన మెషీన్) మీదా నేనే సోర్స్ నుంచి బిల్డ్ చేసుకుంటా, అంటే కోడ్ తెచ్చి కంపైల్ చేసుకుంటా. నాకిది ఇంతగా నచ్చడానికి కారణం సాల్వర్ల స్పీడ్ కాదు, బిల్డ్‌కి ముందు మెషీన్‌ని పరీక్షించే కాన్ఫిగర్ స్క్రిప్ట్ రాసే కాన్ఫిగర్ డాట్ లాగ్ అనే ఫైలు.

సైంటిఫిక్ లైబ్రరీలు బిల్డ్ చేసినోళ్ళకి తెలుసు, ఎక్కడో ఒకచోట ఆగిపోద్ది, ఎర్రర్లు పేజీలకి పేజీలు వెళ్ళిపోతాయి, అసలు గొడవ ఎక్కడ మొదలైందో దొరకదు. పెట్‌సీ కాన్ఫిగర్ చాలా లైబ్రరీలు వాడే ఆటోకాన్ఫ్ అనే రెడీమేడ్ టూల్‌ది కాదు, వాళ్ళే పైథాన్‌లో రాసుకున్నారు. అది ప్రతి చిన్న టెస్ట్‌కీ ఒక బుల్లి ప్రోగ్రాం రాసి కంపైల్ చేసి చూస్తది, ఆ ప్రోగ్రాం సోర్సు, కంపైలర్‌ని పిలిచిన పూర్తి కమాండ్, అది ఇచ్చిన మెసేజ్ మూడూ లాగ్‌లో రాసిపెడతది. లింక్ అవ్వట్లేదంటే ఆ కమాండ్‌నే కాపీ చేసి టెర్మినల్‌లో నేను రన్ చేసుకుని, లైబ్రరీల ఆర్డర్ మార్చి చూసుకోగలను. ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

దీని విలువ నాకు బాగా తెలిసింది జీసీసీ అనే కంపైలర్ 10వ వెర్షన్ వచ్చినప్పుడు. మా కోడ్ అప్పటికింకా పెట్‌సీ 3.12 మీదే ఉంది, అంటే 2019 సెప్టెంబర్‌ది, 2020లో వచ్చిన ఈ కంపైలర్ సంగతి దానికి తెలిసే ఛాన్సే లేదు. క్లస్టర్‌లో కొత్త జీసీసీ మాడ్యూల్ లోడ్ చేసి, ఎంపిచ్ (ప్రాసెస్‌ల మధ్య డేటా పంపే ఎంపీఐ లైబ్రరీ), స్కాలాపాక్, మంప్స్ (రెండూ మ్యాట్రిక్స్ లెక్కల లైబ్రరీలు) అన్నీ పెట్‌సీయే దించుకునేలా డౌన్‌లోడ్ ఆప్షన్లతో ఇచ్చి కాన్ఫిగర్ కొడితే, కాసేపు నడిచి ఎంపిచ్ దగ్గర ఆగింది. స్క్రీన్ మీద వచ్చిందల్లా "మీరిచ్చిన ఆప్షన్లతో కాన్ఫిగర్ చేయలేకపోతున్నా, లాగ్ చూడండి" అన్న అర్థంలో ఒక పెద్ద బాక్సు, కింద ఎంపిచ్ కాన్ఫిగర్ ఫెయిలైందని ఒక ముక్క.

లాగ్‌లో చివరికి వెళ్తే ఎంపిచ్ కాన్ఫిగర్ చెప్పిందంతా ఉంది, అసలు లైన్ కూడా ఉంది: ఒకే రొటీన్‌ని వేర్వేరు టైపుల ఆర్గ్యుమెంట్లతో పిలిచే ఫైళ్ళని ఈ జీఫోర్ట్రాన్ (జీసీసీలోని ఫోర్ట్రాన్ కంపైలర్) కంపైల్ చేయదు అని. ఇది చదివి కంపైలర్ ఇన్‌స్టలేషనే చెడిపోయిందేమో అని అడ్మిన్లకి మెయిల్ పెట్టబోయినవాళ్ళు మా ల్యాబ్‌లోనే ఉన్నారు. కంపైలర్ బాగానే ఉంది. ఎంపీఐలో సెండ్, రిసీవ్ లాంటి కాల్స్‌కి పాత ఫోర్ట్రాన్ పద్ధతిలో ఒకసారి ఇంటీజర్ అర్రే ఇస్తాం, ఇంకోసారి రియల్ అర్రే ఇస్తాం. ఇది ఫోర్ట్రాన్ స్టాండర్డ్‌కి ఎప్పుడూ విరుద్ధమే, కానీ దశాబ్దాలుగా అందరూ అలాగే రాశారు, కంపైలర్లూ చూసీచూడనట్టు వదిలేశాయి. జీసీసీ 10 నుంచి అది నేరుగా ఎర్రర్. అలౌ ఆర్గ్యుమెంట్ మిస్‌మ్యాచ్ అనే ఫ్లాగ్ (కంపైలర్‌కిచ్చే ఆప్షన్) ఇస్తే మళ్ళీ వార్నింగ్‌కి దిగుతది, అంతే.

ఇక్కడే ఇంకో చిక్కు. నెట్‌లో ఎక్కువమంది ఆ ఫ్లాగ్‌ని ఎఫ్‌ఫ్లాగ్స్ అనే షెల్ వేరియబుల్‌లో పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయమంటారు. పెట్‌సీ దగ్గర అది పని చేయదు, షెల్‌లో ఉన్న ఎఫ్‌ఫ్లాగ్స్, సీఫ్లాగ్స్ లాంటివాటిని అది కావాలనే పట్టించుకోదు, నిజంగా కావాలంటే కాన్ఫిగర్ లైన్ మీదే ఇవ్వమంటది. ఎక్స్‌పోర్ట్ చేసి మళ్ళీ రన్ చేస్తే అచ్చం అదే ఎర్రర్ వస్తది, మనుషులు ఫ్లాగ్ తప్పేమో అనుకుంటారు. నాకైతే ఈ పద్ధతే నచ్చింది. కొండా అనే ప్యాకేజీ మేనేజర్ ఎన్విరాన్‌మెంట్‌లో కంపైలర్లుంటే యాక్టివేట్ చేయగానే సీఫ్లాగ్స్, ఎల్‌డీఫ్లాగ్స్ మనకి తెలీకుండానే సెట్ అయిపోతాయి, వేరే లైబ్రరీల బిల్డులు దానివల్ల ఎంత పాడయ్యాయో చూశాను కాబట్టి చెప్తున్నా. ఫ్లాగ్‌ని కాన్ఫిగర్ లైన్ మీద ఇచ్చి, పెట్‌సీ ఆర్చ్‌కి, అంటే బిల్డ్ ఫోల్డర్‌కి, కొత్త పేరు పెట్టి మొదలెడితే ఎంపిచ్ దాటింది, అదే ఫ్లాగ్‌తో స్కాలాపాక్, మంప్స్ కూడా కంపైలయ్యాయి, మేక్ చెక్ అనే చివరి టెస్ట్ ఒక ప్రాసెస్ మీదా రెండిటి మీదా పాసైంది. తర్వాతి వెర్షన్లలో జీఫోర్ట్రాన్ 10 ఆ పైన అయితే ప్యాకేజీలకి ఆ ఫ్లాగ్ వాళ్ళే కలిపేస్తున్నారు, కొత్తది వాడేవాళ్ళకి ఈ గొడవే ఎదురవ్వదు.

అయితే లాగ్‌లో అన్నీ ఉంటాయన్న మాట పెట్‌సీ సొంత టెస్టుల వరకే. ఎంపిచ్ లాంటి డౌన్‌లోడ్ ప్యాకేజీల విషయంలో వాటి కాన్ఫిగర్ స్క్రీన్ మీద ఏం చెప్పిందో అంతే వస్తది. ఏ లైన్‌లో ఏ టైపు కుదర్లేదో చూడాలంటే ఎక్స్‌టర్నల్ ప్యాకేజెస్ ఫోల్డర్‌లోకెళ్ళి ఆ ప్యాకేజీ సొంత కాన్ఫిగ్ డాట్ లాగ్ తెరవాల్సిందే, కొత్తవాళ్ళకి ఆ దారి ఎవరూ చెప్పరు. పైగా లాగ్ చాలా పెద్దది, నేను ఎప్పుడూ కింద నుంచి పైకే చదువుతా. ఇంకోటి, ఏమీ చెప్పకపోతే తప్పులు వెతకడానికి పనికొచ్చే, నెమ్మదిగా నడిచే డీబగ్ బిల్డే వస్తది, టైమింగులు తీసేవాళ్ళు విత్ డీబగ్గింగ్ సున్నా అని ఇచ్చుకోవాలి. ఇంటర్నెట్ లేని నోడ్ మీద బిల్డ్ చేసేవాళ్ళకి మాత్రం ప్యాకేజీలు ముందే దించి ఫోల్డర్ చూపించే ఆప్షన్ ఉంది, ఏ ఫైళ్ళు దించాలో లింకులు కూడా అదే ఇస్తది, అది బంగారం.

ల్యాప్‌టాప్‌లో ఒక సాల్వర్ ట్రై చేద్దామనుకునేవాళ్ళకి ఈ తిప్పలేవీ అక్కర్లేదు, డెబియన్, ఉబుంటు రెపోల్లోనూ కొండా ఫోర్జ్‌లోనూ రెడీమేడ్‌గా ఉంది. నాలాగా క్లస్టర్ ఎంపీఐతోనో, పాత కోడ్‌కి కట్టుబడిన పాత వెర్షన్‌తోనో పనున్నవాళ్ళైతే సోర్స్ నుంచే చేసుకోండి. నా అనుభవమంతా లినక్స్, జీసీసీ మీదే, ఇంటెల్ కంపైలర్లతో చేసేవాళ్ళు ఆ దారిలో నడిచినవాళ్ళని అడగడం మంచిది.