బీబీఏనా, బీకామా? మన శ్రీకాకుళం పిల్లలకు ఏది మేలు?

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన నాలుగో రోజు మా అప్ప కాశీబుగ్గ నుంచి ఫోన్ చేసింది. మేనకోడలు సీఈసీ మంచి మార్కులతో పాసైంది. పిల్ల బీబీఏ (వ్యాపార నిర్వహణ డిగ్రీ) అంటోంది, బావ బీకాం కంప్యూటర్స్ (కంప్యూటర్ సబ్జెక్టులు కలిపిన కామర్స్ డిగ్రీ) అంటున్నాడు. మధ్యలో ఎవరో వైజాగ్‌లో ప్రైవేటు యూనివర్సిటీ పేరు చెప్పి వెళ్లారు. "ఏటి చేర్పించమంటావురా, నువ్వే చెప్పు" అంది అప్ప.

నేను శ్రీకాకుళంలో ఒక జీఎస్టీ, ఇన్‌కంటాక్స్ ఆఫీసులో పనిచేస్తున్నాను. చదివింది బీబీఎం, అంటే ఇప్పటి బీబీఏ లాంటిదే. చేస్తున్నది మాత్రం బీకాం వాళ్ల పని. అందుకే రెండూ దగ్గరగా చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన జిల్లాలోనే ఉండి, డిగ్రీ అవగానే ఎంతో కొంత సంపాదన మొదలవ్వాలి అనుకునే ఇంటికి బీకాం కంప్యూటర్స్ మేలు. బీబీఏ కొందరికే సరిపోతుంది. కానీ ఆ కొందరినీ బలవంతాన బీకాంలో వేస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే.

తేడా సిలబస్ చూస్తే అర్థం కాదు. పలాస వాళ్లకు తెలిసిన జీడిపిక్కల బస్తానే తీసుకుందాం. మన దగ్గర బస్తా అంటే 80 కిలోలు. రైతు దాన్ని నేరుగా మిల్లుకు అమ్మితే జీఎస్టీ రైతు కట్టడు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న మిల్లు యజమానే 5 శాతం రివర్స్ ఛార్జ్ (అమ్మినవాడికి బదులు కొన్నవాడు కట్టే పద్ధతి) కింద కట్టి, తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటాడు, అంటే కట్టినదాన్ని తన పన్నులో తగ్గించుకుంటాడు. ఆ ఎంట్రీ ట్యాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో) ఎక్కడ వేయాలి, రిటర్న్‌లో ఏ గడిలో చూపించాలి అన్నది బీకాం పని. పిక్కల ధర, ఉడకబెట్టే ఖర్చు, ఒలుపు కూలీ, తొక్క అమ్మితే వచ్చిన డబ్బు, అన్నీ కలిపి కిలో పప్పు ఎంతకు పడిందో తేల్చడం కూడా దాని పనే. కాస్ట్ అకౌంటింగ్ అంటే అదే.

అదే బస్తాను బీబీఏ ఇంకో వైపు నుంచి చూడమంటుంది. డబ్ల్యూ 320 అంటే పౌనుకు సుమారు 320 పప్పులు తూగే రకం. డబ్ల్యూ 180 అంటే అంతకంటే బాగా లావు పప్పు. బద్దకు ఒక ధర, ముక్కకు ఇంకో ధర. ఏ రకం ఏ ఊరి వ్యాపారికి పంపాలి? ఎన్ని రోజులు అప్పు ఇవ్వాలి? దీపావళి ముందు సరుకు ఆపుకోవాలా, వదిలేయాలా? ఒలుపు పనికి వచ్చే ఆడవాళ్లు పక్క మిల్లుకు ఎందుకు వెళ్లిపోతున్నారు? మార్కెటింగ్, ఆపరేషన్స్, హెచ్‌ఆర్ అని పెద్ద పేర్లు పెట్టినా అడిగేది ఈ ప్రశ్నలే. ఇవి తెలిసినవాడికి వ్యాపారంలో చాలా విలువ ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే, బీకాం విద్యను గదిలో కూర్చుని లెక్కలు చేస్తూ సగం నేర్చుకోవచ్చు. బీబీఏ అలా రాదు. నేను మూడేళ్లు మార్కెటింగ్ చదివాను, గైడు బట్టీపట్టి పాసయ్యాను. కానీ ఒక్క కొట్టువాడితోనూ మాట్లాడింది లేదు. మా కాలేజీ మమ్మల్ని ఒక్క మిల్లుకూ తీసుకెళ్లలేదు. ఉద్యోగంలో చేరాక ఫైనల్ అకౌంట్స్ రాక, రాత్రిళ్లు ఆఫీసులో ఒక సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆ ఆరు నెలల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పటి పిల్లలకు ఒక అవకాశం ఉంది. మన రాష్ట్రంలో డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, ఆపైన ఒక సెమిస్టర్ మొత్తం. బీబీఏ ప్రాణం ఈ పది నెలల్లోనే ఉంది. అందుకే కాలేజీకి వెళ్లినప్పుడు భవనం చూసి మురిసిపోకండి. పోయిన ఏడాది మీ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కి ఎక్కడికి వెళ్లారని అడగండి. పలాస జీడి మిల్లులు, పైడిభీమవరం ఫార్మా కంపెనీల స్టోర్లు, నరసన్నపేట హోల్‌సేల్ కొట్లు, బొబ్బిలి గ్రోత్ సెంటర్ యూనిట్లు, ఇలా ఏదో ఒక చోటు పేరు చెప్పగలిగితే నమ్మొచ్చు. "ఆన్‌లైన్‌లో చేయించాం" అంటే ఆ కాలేజీలో బీబీఏ వద్దు, బీకాం తీసుకోండి.

తర్వాత చదువుల సంగతి. బీబీఏ చేస్తేనే ఎంబీఏ వస్తుందని మన దగ్గర చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఎంబీఏ ప్రవేశ పరీక్షలైన ఐసెట్‌కి గానీ, క్యాట్‌కి గానీ ఏ డిగ్రీ అయినా చాలు, 50 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ వర్గాలకు 45 (క్యాట్‌లో ఈ సడలింపు ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకే). బ్యాంకు పరీక్షలకు, గ్రూప్-2కి కూడా ఏ డిగ్రీ అయినా ఒకటే. సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) వైపు వెళ్లాలంటే మాత్రం బీకాందే పైచేయి. డిగ్రీతో నేరుగా సీఏలోని ఇంటర్మీడియెట్ దశలో చేరడానికి కామర్స్ వాళ్లకు 55 శాతం చాలు, మిగతా డిగ్రీల వాళ్లకు 60 కావాలి. మార్కుల కంటే ముఖ్యం, బీకాం పిల్లలకు అకౌంట్స్ చేయి తిరిగి ఉంటుంది.

ఇక వైజాగ్. ఇక్కడ విజయనగరం వాళ్లకూ మనకూ తేడా ఉంది. వాళ్లకు సుమారు 60 కిలోమీటర్లు, పొద్దున్నే రైలెక్కి సాయంత్రం ఇంటికి రావచ్చు. మనకు శ్రీకాకుళం నుంచే వంద దాటుతుంది, కాశీబుగ్గ నుంచి అయితే చెప్పనక్కర్లేదు. హాస్టల్ తప్పదు. ప్రైవేటు యూనివర్సిటీలో ఫీజు, హాస్టల్ కలిపి మూడేళ్లకు లక్షల్లో తేలుతుంది. మాకు తెలిసిన ఒకాయన పొలం తాకట్టు పెట్టి కొడుకుని అలాంటి చోట బీబీఏ చేర్పించాడు. ప్లేస్‌మెంట్ అని చెప్పింది చివరికి టార్గెట్ల మీద నడిచే సేల్స్ ఉద్యోగం. ఆ ఉద్యోగం ఇక్కడ చదివినా వచ్చేది. డబ్బున్నవాళ్లు పంపుకోవచ్చు. అప్పు చేసి బీబీఏకి పంపొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. పంపేవాళ్లు కూడా ఏఐసీటీఈ (సాంకేతిక, మేనేజ్‌మెంట్ విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ) అనుమతి ఉందో లేదో చూసుకోండి, 2024-25 నుంచి బీబీఏ కోర్సులు దాని పరిధిలోకి వచ్చాయి.

మన జిల్లా కాలేజీలు ఎచ్చెర్లలోని అంబేద్కర్ యూనివర్సిటీ కింద, విజయనగరం వైపువి ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉంటాయి. కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, ఇంటికి అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. ఇప్పటికే కొట్టులోనో ఆఫీసులోనో పనిలో ఉన్న పిల్లలకు దూరవిద్యలో బీకాం చాలు. దూరవిద్యలో బీబీఏ నాకు నచ్చదు, కారణం పైన చెప్పిందే.

భోగాపురం ఎయిర్‌పోర్టు, మూలపేట పోర్టు చూపించి బీబీఏ సీట్లు నింపుతున్నారు. రెండింటి పనులూ 2023లో మొదలయ్యాయి. అవి నిలదొక్కుకుంటే సరుకు రవాణా, హోటళ్లు పెరుగుతాయని నాకూ ఆశ ఉంది. అయినా ఫ్లెక్సీ చూసి కోర్సు ఎంచుకోకూడదు, పిల్లను చూసి ఎంచుకోవాలి.

అందుకే అప్పతో వెంటనే ఏమీ చెప్పలేదు. బావ మిల్లులో సూపర్‌వైజర్, పిల్లను వారం రోజులు తనతో తీసుకెళ్లమన్నాను. ఐదో రోజు రాత్రి మేనకోడలే ఫోన్ చేసింది. "మావయ్యా, డబ్ల్యూ 320కి పొద్దున్న ఒక రేటు చెప్పి, మధ్యాహ్నం ఇంకొకాయనకు తక్కువ చెప్పారు. రెండో ఆయన చేతిలో డబ్బు పెట్టి తీసుకెళ్తున్నాడంట. మొదటాయన నెల తర్వాత ఇస్తాడంట. మరి ఎవరితో లాభం?" వారంలో ఆ పిల్ల లెడ్జర్ గురించి ఒక్క మాటా అడగలేదు.

బావకు చెప్పాను, బీబీఏలోనే వేయమని. ఈ సెలవుల్లోనే ట్యాలీ క్లాసులో చేర్పించాలని షరతు పెట్టాను. సోమవారం ముగ్గురూ శ్రీకాకుళం వస్తున్నారు. రెండు కాలేజీలు చూడాలి, ఇంటర్న్‌షిప్ ప్రశ్న అడగాల్సింది మేనకోడలే.