డైరీలో రాసిన 60 వేలు, ఆర్‌డీలో పడ్డ 5 వేలు

‘ఏడాదిలో 60 వేలు దాచాలి’ అని జనవరిలో డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను. నెలాఖరుకి మిగిలింది దాచుదామని ప్లాన్. మిగిలితే కదా! ఉగాది బట్టలు, పెళ్లిళ్లలో చదివింపులు, జూన్‌లో పిల్లల ఫీజులు. డిసెంబరులో చూస్తే 11 వేలు, బోలెడు టెన్షన్.

మరుసటి ఏడాది డైరీ జోలికి పోలేదు. 1న జీతం, 2న 5 వేలు దానంతటదే బ్యాంకు ఆర్‌డీలోకి (రికరింగ్ డిపాజిట్, నెలనెలా ఒకే మొత్తం వేసే ఖాతా) వెళ్లేలా పెట్టాను. మొదటి రెండు నెలలు ఇరుకుగానే గడిచాయి, అబద్ధమెందుకు. మా అమ్మ చీటీ కట్టిందీ ఇలాగే: ముందు చీటీ, తర్వాతే చీర.

లక్ష్యం అసలు వద్దనను. నెలకి 5 వేలా, 3 వేలా అని తేల్చడానికి అది కావాలి. ఒక్క సాయంత్రం పని. ఆర్‌డీ మధ్యలో తీసేస్తే వడ్డీ తగ్గుతుంది కాబట్టి, ఆసుపత్రి ఖర్చులకి కొంత సేవింగ్స్‌లో విడిగా ఉంచుతున్నాను.