పాత ఎం-46కి కొత్త బ్యారెలా, ధనుషా, అటాగ్సా: ఏది మేలు?

సోవియట్ కాలం నాటి 130 ఎంఎం (గొట్టం లోపలి వెడల్పు) ఎం-46 ఫిరంగి గన్నుల మాట వస్తే చాలు, చిత్తూరులో మాజీ సైనికులు రెండు పక్షాలవుతారు. బ్యారెల్ మార్చి ఇంకొన్నాళ్లు వాడుకుందామనేవాళ్లు కొందరు, తీసేసి కొత్తవి తెమ్మనేవాళ్లు కొందరు. మన సైన్యం రెండు దారులూ పట్టింది. ఎటు వెళ్లినా గమ్యం 155 ఎంఎం ఒక్కటే. సైజుకొక రకం షెల్ తయారుచేసి, నిల్వపెట్టి, సరిహద్దు దాకా మోయడం పెద్ద భారం మరి.

బ్యారెల్ మార్చిన ఎం-46నే శారంగ్ అంటారు. 2018లో 300 గన్నులకు ఆర్డరిచ్చారు. 27 కిలోమీటర్ల రేంజ్ 36 దాటింది. తక్కువ ఖర్చు, త్వరగా చేతికొస్తుంది. కాగితం మీద బాగుంది.

ఆర్టిలరీలో చేసి వచ్చిన మా పెదనాన్న మాత్రం ఒప్పుకోడు. "ఎంత దూరం కొడతాదని అడుగుతారు గానీ, కొట్టినాక ఎంత సేపట్లో లేస్తామని ఎవురూ అడగరు నాయనా" అంటాడు. నాకు ఇదే అసలు ప్రశ్న అనిపిస్తుంది. మన షెల్ గాల్లో ఉండగానే అవతలి రాడార్ అది ఎక్కణ్ణుంచి వచ్చిందో లెక్కకట్టేస్తుంది. జవాబు వచ్చేలోపు చోటు ఖాళీ చేయాలి. ఎం-46కి సొంత ఇంజన్ లేదు, బ్యారెల్ మారినంత మాత్రాన అది రాదు. పైగా మోసే షెల్ 33 కిలోల నుంచి 43 కిలోలకు పెరిగింది. ఆ భారం పడేది కుర్రాళ్ల నడుం మీదే.

ఇక కొత్త గన్నులు. ధనుష్, స్వీడన్ నుంచి కొన్న బోఫోర్స్ గన్ను డ్రాయింగుల నుంచి జబల్‌పూర్‌లో పుట్టింది. రేంజ్ 38 కిలోమీటర్లు, కొంత దూరం తన ఇంజన్‌తో తానే కదులుతుంది. డీఆర్‌డీఓ రూపొందించిన అటాగ్స్ ఇంకో మెట్టు పైన: 2017లో పోఖ్రాన్‌లో 48 కిలోమీటర్లు కొట్టింది, 6 షెల్స్ పట్టే ఆటోమేటిక్ మేగజైన్ ఉంది. 2025 మార్చిలో 307 గన్నులకు ఒప్పందం కుదిరింది. దీని చిక్కల్లా బరువే, దాదాపు 18 టన్నులు. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు మలుపుల్లో లారీ వెనక అంత గన్ను కట్టి తిప్పడం ఊహించుకోండి. సిక్కిం, లడఖ్ దారులు అంతకంటే కష్టం.

అందుకే ఎడారికీ మైదానానికీ నా ఓటు అటాగ్స్‌కే, కొండలకు అంతకంటే తేలికైన ధనుష్‌కు. ఉన్న శారంగ్‌లను కొత్తవి వచ్చేదాకా వాడుకోవాలి, మరో ఆర్డర్ మాత్రం వద్దు. కొత్తవాటికి విడిభాగాల ఒప్పందం కూడా ఇప్పుడే గట్టిగా రాసుకోవాలి. ముడుపుల గొడవతో విడిభాగాలు ఆగిపోయాక, కొన్ని బోఫోర్స్ గన్నులు విప్పి మిగతావాటిని నడపాల్సి వచ్చింది. 1999లో కార్గిల్ కొండల మీద అంత పనికొచ్చిన గన్ను అది.